గరికకి రాజభోగం: గోల్ఫ్ రిసార్టు సెలవులో అసలు ప్రకృతి ఎక్కడుంటది?

వినాయక చవితికి వెతికి మరీ తెచ్చుకునే గరిక మిగతా ఏడాదంతా గుంటూరు రైతుకి ఒట్టి కలుపు. గట్టు మీద పీకితే చేలో తేలుద్ది, చేలో పీకితే గట్టు మీద తేలుద్ది, ట్రాక్టర్ పెట్టి దున్నితే తెగిన ముక్క ముక్కకీ మొలిచి ఇంకా ఎక్కువ అయిద్ది. ఆ గరికనే ఆఫ్రికా గడ్డి ఒకదానితో సంకరం చేసి, అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్ అనే ఊళ్లో తయారు చేసిన రకాలు ఉన్నాయి, హైబ్రిడ్ బెర్ముడా గడ్డి అంటారు, మనలాంటి వేడి ప్రాంతాల్లో గోల్ఫ్ కోర్సులకి, అంటే గోల్ఫ్ ఆడే మైదానాలకి, ఎక్కువ వాడేది వాటినే. బంతి వెళ్లి పడే గుంట చుట్టూ ఉండే నున్నటి చోటుని గ్రీన్ అంటారు, అక్కడ ఈ గడ్డిని దాదాపు రోజూ కోసి మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచుతారు. దానికి ఎరువు, బూజు మందు, పురుగు మందు, టైముకి నీళ్లు, కింద ఇసక పరుపు, ఒక డ్యూటీ మనిషి. మిర్చి చేలో పీకి పారేసే మొక్కకి ఇక్కడ మిర్చి కంటే ఎక్కువ సేవ జరుగుద్ది.

గోల్ఫ్ రిసార్టు సెలవు గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడి నుంచి మొదలుపెడితేనే మిగతాది అర్థమయ్యేది. ఎందుకంటే ఈ రిసార్టుల ప్రకటనలన్నీ 'ప్రకృతి ఒడిలో' అంటాయి, ఫొటోలో ఆ చివర నుంచి ఈ చివర దాకా పచ్చదనం, ఒక నీటి గుంట, దాని మీద ఒక తెల్లకొంగ, చూసినవాళ్లు అది అడవికి దగ్గర చుట్టం అనుకుంటారు. కాదు, అది పంట. గింజ రాని పంట, కోసిన గడ్డి గేదెకి కూడా వెయ్యని పంట. అలాగని తప్పేమీ లేదు, మల్లెతోట కూడా అన్నం పెట్టదు, దాన్ని ఎవరూ తిట్టరు. కాకపోతే పంటని పంటలా చూస్తే అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే వస్తాయి: నీళ్లు ఎక్కడివి, నేల ఏంటిది, పెట్టుబడి ఎవరు పెడుతున్నారు, గట్టు మీద ఏం బతుకుతున్నాయి. కృష్ణా డెల్టా మనుషులకి ఈ ప్రశ్నలు ఒకరు నేర్పాల్సిన పని లేదు కదా.

ముందు నీళ్లు. 18 హోల్స్, అంటే బంతి పడే గుంటలు, ఉండే పూర్తి కోర్సుకి మామూలుగా 120 నుంచి 150 ఎకరాలు పడుద్ది, అందులో సుమారు సగం, ఒక 70 ఎకరాలు, తడిపే గడ్డి అనుకుందాం. వాన లేని రోజుల్లో మన ఎండకి సగటున రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్లు ఇవ్వాలనుకుంటే (డిసెంబర్ లో తక్కువ, మే నెలలో ఇంకా ఎక్కువ) ఎకరానికి 20 వేల లీటర్లు, 70 ఎకరాలకి రోజుకి 14 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు లెక్కేస్తే 280. మనిషికి రోజుకి 135 లీటర్లు అని మునిసిపాలిటీ లెక్క వేసుకుంటే పది వేల మంది ఉండే ఊరికి సరిపోయే నీళ్లు. వినడానికి గుండె గుభేల్ మంటది గానీ ఇక్కడే ఇంకో లెక్క కూడా వెయ్యాలి, లేకపోతే అది అన్యాయం అయిద్ది. ఎకరం వరికి పంట మొత్తం మీద సుమారు 1200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, అంటే 48 లక్షల లీటర్ల పైమాటే. ఎకరం గోల్ఫ్ గడ్డికి వానలు లేని ఎనిమిది నెలలకీ కలిపి అదే 48 లక్షలు. ఎకరానికి ఎకరం చూస్తే గోల్ఫ్ గడ్డి వరి కంటే పెద్ద దాహం ఉన్నదేమీ కాదు, ఇంచుమించు ఒక వరి పంటతో సమానం.

తేడా ఎంత తాగుద్ది అన్నదాంట్లో లేదు, ఎప్పుడు తాగుద్ది అన్నదాంట్లో ఉంది. వరి జులై ఆగస్టుల్లో తాగుద్ది, అప్పుడు పైన వాన, కింద కాలవ. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది, దానికి ముందు అదే చోట 1855 నాటి ఆనకట్ట, ఆ రోజుల నుంచీ డెల్టా బతుకు కాలవ వదిలే రోజుకీ కట్టేసే రోజుకీ మధ్యనే తిరుగుద్ది. రబీ అయ్యాక ఎండాకాలం కాలవలు కట్టేస్తారు, ఆ తర్వాత ఏ నీళ్లు వదిలినా ఊరి మంచినీటి చెరువులకే. సరిగ్గా ఆ ఏప్రిల్, మే నెలల్లోనే గోల్ఫ్ గడ్డికి దాహం ఎక్కువ, పైగా అది ఆగదు, వరి చేనులా ఎండబెట్టి వదిలేస్తే గ్రీన్ పోయినట్టే, మళ్లీ వెయ్యాలి. కాబట్టి ఇక్కడ కోర్సు కట్టాలంటే బోరు మీద ఆధారపడాలి, లేదా సొంత చెరువు తవ్వి వానాకాలంలో నింపుకోవాలి, లేదా ఊరి మురుగుని శుద్ధి చేసి ఆ నీళ్లు వాడుకోవాలి. బాపట్ల, రేపల్లె వైపు బోరు వేస్తే ఉప్పు తగులుద్ది, సత్తెనపల్లి, మైలవరం మెట్ట వైపు వేస్తే లోతు తగులుద్ది. మూడో దారి, అంటే శుద్ధి చేసిన మురుగు నీళ్లు, నిజానికి అన్నిటికంటే తెలివైనది, మన దేశంలోనూ బయటా చాలా కోర్సులు అలాగే నడుస్తున్నాయి, గడ్డికి ఆ నీళ్లతో పెద్ద ఇబ్బందేమీ లేదు, ఇబ్బందల్లా 'ప్రకృతి ఒడి' ప్రకటనలో ఆ మాట రాయడానికి మొహమాటమే.

ఇక నేల. గోల్ఫ్ పుట్టింది స్కాట్లాండ్ సముద్రపు ఒడ్డున, ఇసక దిబ్బల మీద. అక్కడ పంట పండదు, గొర్రెలు మేస్తాయి, కుందేళ్లు కొరుకుతాయి, గాలికి గుంటలు పడతాయి, ఆ గుంటలే తర్వాత బంకర్లు, అంటే కోర్సులో ఉండే ఇసక గుంటలు, అయినాయి అంటారు. ఆ ఒడ్డునే ఉన్న సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్లో 1764లో హోల్స్ ని 18కి కుదించుకున్నారు, తర్వాత ప్రపంచం మొత్తానికీ అదే లెక్క అయ్యింది. అంటే ఈ ఆట ఎందుకూ పనికిరాని నేలకి దొరికిన పని. ఇప్పుడు దాన్ని తెచ్చి నల్లరేగడిలో పెడితే ఏమయిద్దో గుంటూరు వాళ్లని అడగాలి. ఎండాకాలం బెత్తెడు బీటలు, కాలు ఇరుక్కునేంత, వానాకాలం చెప్పులు ఊడొచ్చేంత జిగురు. దాని మీద నున్నటి గ్రీన్ నిలబెట్టాలంటే పైన ఇసక లారీలకి లారీలు పరవాలి, కింద నీళ్లు పోడానికి పైపులు వెయ్యాలి. ఇసక ధర గురించి ఇక్కడ మాట్లాడకపోవడమే మంచిది, ఆంధ్రాలో ఇసక గురించి మొదలుపెడితే వ్యాసం ఎటో పోద్ది.

నిజంగా సెయింట్ ఆండ్రూస్ కి మన వైపు చుట్టం ఎవరూ అంటే అది అమరావతీ కాదు మంగళగిరీ కాదు, బాపట్ల. సూర్యలంక వైపు ఇసక దిబ్బలు, సరుగుడు తోటలు, ఉప్పు గాలి, అన్నీ ఉన్నాయి. కానీ అక్కడ తీరప్రాంత నియమాలు ఉన్నాయి, ఉండాలి కూడా, ఎందుకంటే ఆ ఇసకలోకి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల వెలుతురు ఎటుంటే అటు పాకుద్ది, చీకట్లో సముద్రం మీద ఉండే వెలుగే దానికి గుర్తు. ఒడ్డు వైపు రిసార్టు లైట్లు వెలిగితే సముద్రం అనుకుని రోడ్డు మీదకి పోద్ది. గోల్ఫ్ కి సరిపోయే నేల, గోల్ఫ్ కంటే ముందే ఇంకొకళ్లకి రిజర్వ్ అయిపోయిన నేల.

పెట్టుబడి సంగతి త్వరగా తేల్చెయ్యొచ్చు. విజయవాడ గుంటూరు మధ్య ఎకరం ధర ఎలా ఉందో అందరికీ తెలుసు, అక్కడ 150 ఎకరాలు గడ్డికి వదిలి, ఆడటానికి వచ్చేవాళ్ల దగ్గర గ్రీన్ ఫీజు వసూలు చేసి ఆ డబ్బు రాబట్టడం ఏ లెక్కలోనూ కుదరదు. అందుకే కొత్తగా కట్టే గోల్ఫ్ ప్రాజెక్టుల్లో చాలావాటికి చుట్టూ విల్లాలు ఉంటాయి. గడ్డి ఎర, విల్లా చేప. బ్రోచర్లో 'గోల్ఫ్ వ్యూ' అన్న ముక్క పడితే చదరపు గజం రేటు మారిపోద్ది, కొన్నవాళ్లలో ఎక్కువ మంది జన్మలో గోల్ఫ్ కర్ర పట్టుకోరు, బాల్కనీలోంచి చూస్తారు అంతే. సెలవుకి వెళ్లేవాడికి ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది: కోర్సు చుట్టూ విల్లాలు ఎంత దగ్గరగా బిగించి కడితే అంత తక్కువ పిట్టలు కనిపిస్తాయి. ఎందుకంటే పిట్టలు బతికేది కోసిన గడ్డిలో కాదు, అంచుల్లో.

గోల్ఫ్ కోర్సులో జీవాలు ఉండవా అంటే ఉంటాయి, బాగానే ఉంటాయి. స్కోర్లకే పిట్టల పేర్లు పెట్టుకున్న ఆట అది, నిర్ణయించిన దెబ్బల కంటే ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, మూడు తక్కువైతే ఆల్బట్రాస్. మన వైపు అయితే మొదట దిగేది తీతువు పిట్ట, బోడి నేల మీదే గుడ్లు పెడుద్ది, ఎవరైనా దగ్గరికొస్తే నెత్తి మీద తిరుగుతా ఊరంతా వినపడేట్టు అరుస్తది. గడ్డి కోసే మిషన్ వెనకాల తెల్లకొంగలు, దుక్కి దున్నేటప్పుడు నాగలి వెనకాల వచ్చినట్టే. కరెంటు తీగ మీద పాలపిట్ట, గుంట ఒడ్డున లకుముకి పిట్ట, తుప్పల్లో కౌజు పిట్టలు, ముంగిస. ఇవన్నీ ఎక్కడుంటాయో గమనిస్తే గ్రీన్ దాకా సాగే నున్నటి గడ్డి దారి, అంటే ఫెయిర్‌వే మీద గోరింకలు, కొంగలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు, మిగతావన్నీ కొయ్యకుండా వదిలేసిన రఫ్ లో, నీటి గుంట చుట్టూ, పాత చెట్ల దగ్గర ఉంటాయి. రఫ్ లో బంతి పోతే చెయ్యి పెట్టి వెతకొద్దు అనేది అందుకే, ఎలకలు ఉన్నచోట రక్తపింజర కూడా ఉంటది, అది మన పొలాల్లోనూ ఉంది, రిసార్టు గేటు చూసి ఆగదు.

దీని మీద 2009లో స్వీడన్ పరిశోధకులు ఇద్దరు ఒక మంచి పని చేశారు, గోల్ఫ్ కోర్సుల్ని వేరే రకం భూములతో పోల్చిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూశారు. పోల్చిన సందర్భాల్లో 64 శాతం దాకా జీవాల లెక్కన గోల్ఫ్ కోర్సుదే పైచేయి అని తేలింది. రిసార్టు వాళ్లు ఇంతవరకే చెబుతారు. మిగతా సగం ఏంటంటే, పక్కనున్నది ఊరో వ్యవసాయ భూమో అయితే కోర్సు మెరుగ్గా కనిపించింది, పక్కనున్నది సహజమైన అడవో రక్షిత ప్రాంతమో అయితే కోర్సు విలువ తగ్గిపోయింది. మామూలు మాటల్లో చెప్పాలంటే బీడు చేసిన చోట కోర్సు కడితే లాభం, బాగున్న చోట కడితే నష్టం.

ఈ లెక్క కూడా డెల్టాకి తెచ్చేసరికి కొంచెం తిరగబడుద్ది. యూరప్ లో వ్యవసాయ భూమి అంటే మనసులోకొచ్చేది కిలోమీటర్ల కొద్దీ గోధుమ. మన దగ్గర వ్యవసాయ భూమి అంటే నాలుగు నెలలు మోకాలి లోపు నీళ్లు నిలిచే వరి మడి, అందులో కప్పలు, నత్తలు, చిన్న చేపలు, పీతలు. పిట్ట లెక్కన చూస్తే అది చిత్తడి నేలే. గుంటూరు పక్కన పెదకాకాని మండలం ఉప్పలపాడు చూస్తే ఇది అర్థమయిద్ది. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు వేలల్లో గూళ్లు కట్టుకుంటాయి, చెట్లు చాలక ఇనప స్టాండ్లు కూడా నిలబెట్టారు. కానీ ఆ చిన్న చెరువు వాటికి పడక గది మాత్రమే, వంటిల్లు చుట్టుపక్కల పొలాలు, కాలవలు, చెరువులు. పొద్దున్నే ఎగిరిపోయి సాయంత్రానికి తిరిగొస్తాయి. అంటే ఉప్పలపాడు చుట్టుపక్కల 150 ఎకరాల వరి తీసి 150 ఎకరాల గోల్ఫ్ గడ్డి వేస్తే చూడటానికి అంతా పచ్చగానే ఉంటది, నత్తగుల్ల కొంగకి మాత్రం వంటిల్లు మూతపడినట్టే, నాలుగు మిల్లీమీటర్ల గడ్డిలో నత్త ఎక్కడ దొరుకుద్ది.

పచ్చదనం గురించి ఇంకో తిరకాసు ఉంది, ఇది కొండపల్లి వెళ్లినోళ్ల దగ్గర బాగా కనపడుద్ది. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి చెట్టు పెరిగే కొండలవి, విజయవాడకి ఇంత దగ్గర్లో మిగిలిన అసలైన అడవి. మార్చి దాటాక అక్కడ చెట్లు ఆకులు రాల్చేస్తాయి, కొండంతా గోధుమ రంగు, కింద ఎండుటాకులు గలగల. చూసినవాళ్లు 'అయ్యో అంతా ఎండిపోయింది, ఏముంది ఇక్కడ' అని కారు తిప్పేస్తారు. ఎండిపోలేదు, నీళ్లు దాచుకుంటోంది. మేలో కూడా పచ్చగా ఉన్నదే ప్రకృతి అని కన్ను అలవాటు పడిపోయింది, ఆ అలవాటు చేసింది లాన్లే. మన ఎండకి మేలో పచ్చగా ఉన్నది ఏదైనా సరే, ఒకటి దానికి వేరు లోతుగా ఉండాలి, లేదా దాని వెనక మోటారు ఉండాలి. అదే అడవి అంచున మూలపాడు దగ్గర సీతాకోకచిలుకల పార్కు ఉంది, క్రికెట్ గ్రౌండ్లూ ఉన్నాయి, తడిపిన గడ్డి, తడపని అడవి పక్కపక్కనే ఎలా ఉంటాయో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు, వానలు పడ్డాక అయితే సీతాకోకచిలుకలు కూడా ఎక్కువ.

సరే, ఇంతా విని కూడా గోల్ఫ్ సెలవుకి వెళ్లాలంటే? వెళ్లొచ్చు, అందులో నేరమేం లేదు. విజయవాడ నుంచి అందుబాటులో ఉన్నవి ప్రధానంగా విశాఖ, హైదరాబాద్. రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖ, అక్కడ ముడసర్లోవ వైపు ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్, కొద్ది దూరంలోనే కంబాలకొండ అభయారణ్యం, జూ, సముద్రం. గోల్ఫ్, అడవి రెండూ ఒకే రోజులో చుట్టెయ్యొచ్చు ఇక్కడ. హైదరాబాద్ లో గోల్కొండ నయా ఖిలా లోపలే కోర్సు ఉంది, కోట గోడల మధ్య ఆట, దాని పక్కనే వందల ఏళ్ల నాటి పెద్ద బావోబాబ్ చెట్టు, హతియాన్ కా ఝాడ్ అంటారు, లోపల మనుషులు దూరేంత తొర్ర. ఇంకా దూరం వెళ్లగలిగితే కొడైకెనాల్ క్లబ్ 1895 నాటిది, అక్కడ ఫెయిర్‌వే మీదకి అడవి దున్నలు వచ్చి మేస్తాయి, అవి వెళ్లేదాకా ఆడేవాళ్లు ఆగాల్సిందే. క్లబ్బుల్లో బయటివాళ్లకి ఆడటానికి ఒక్కోచోట ఒక్కో రూలు, రైలు టికెట్ కంటే ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఫ్యామిలీతో వెళ్లేవాళ్లు ఎవరూ ముందు ఆలోచించని చిక్కు ఒకటి ఉంది, టైము. 18 హోల్స్ ఆడటానికి నాలుగు గంటల పైనే పట్టుద్ది, ఏడెనిమిది కిలోమీటర్ల నడక. కోస్తా ఎండలో, అందులో మన బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు, తొమ్మిదిన్నర దాటితే ఆడలేరు కాబట్టి అయిదున్నరకే మొదలెట్టాలి. పిట్టలు చూడటానికి మంచి టైము కూడా సరిగ్గా అదే అయిదున్నర నుంచి తొమ్మిది. వలస పిట్టలు వచ్చే నవంబర్ నుంచి ఫిబ్రవరి, గోల్ఫ్ కి హాయిగా ఉండే నెలలు కూడా సరిగ్గా అవే. దాంతో ఏమయిద్దంటే ఇంట్లో ఒకరు ఆడటానికి పోతారు, మిగతావాళ్లు రూములో బఫే టిఫిన్ కోసం ఎదురు చూస్తారు, పది గంటలకి ఆయన చెమటతో వచ్చి 'పదండి అడవి చూద్దాం' అంటాడు, అప్పటికి అడవిలో కోతులు తప్ప అన్నీ నీడకి పోయుంటాయి. దీనికి మందు 9 హోల్స్ తో ఆపెయ్యడం, రెండు గంటల్లో అయిపోద్ది, లేదా ఒక పొద్దున ఆటకి, ఒక పొద్దున పిట్టలకి అని ముందే పంచుకోవడం. ఒక్క రాత్రి ప్యాకేజీలో ఈ రెండూ కుదరవు, రెండు రాత్రులు కావాలి.

బుక్ చేసే ముందు రిసార్టుని అడగాల్సినవి కూడా పంట కొనేవాడు అడిగినట్టే అడగాలి. గడ్డికి నీళ్లు ఎక్కడి నుంచి, బోరా, చెరువా, శుద్ధి చేసినవా. మందు కొట్టిన రోజు పిల్లల్ని లాన్ మీదకి వదలొద్దని చెప్తారా లేదా, ఇది మిర్చి పొలాల పక్క ఊళ్లవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. నీటి గుంట ఒడ్డు సిమెంటుతో కట్టారా, మట్టితో వదిలి తుంగ పెరగనిచ్చారా, సిమెంటు ఒడ్డు ఉంటే నీటికోడి కూడా నిలవదు. రాత్రి లైట్లు ఎన్నింటికి ఆపుతారు. నెమళ్లకి గింజలు వేసి దగ్గరికి రప్పించి ఫొటోలు తీయించే చోటయితే ఇంకో ఆలోచన చేసుకోవడం మంచిది. ఫోన్ ఎత్తిన రిసెప్షన్ కుర్రాడికి వీటిలో సగం తెలియకపోవచ్చు, కానీ 'కనుక్కుని చెప్తా సార్' అని మళ్లీ ఫోన్ చేశాడంటే ఆ చోటు పర్లేదు అని అర్థం.

గోల్ఫ్ ని పక్కన పెట్టి ఆ రెండు పొద్దుల్నీ ఇక్కడే ఖర్చు పెట్టాలంటే కొల్లేరు ఉంది. విజయవాడ నుంచి కైకలూరు ఒక 70, 80 కిలోమీటర్లు, దాని పక్కన ఆటపాక, అక్కడ పడవెక్కితే గూడబాతుల గూళ్ల దగ్గరదాకా తీసుకెళ్తారు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయ్యింది, అయిదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది, 2006 ప్రాంతంలో సరస్సులోకి చొచ్చుకొచ్చిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పేల్చేసింది, ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. ఇంకా కిందికి, నాగాయలంక దాటి కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులు, అక్కడ బావురు పిల్లి ఉంటది, నీళ్లలోకి దూకి చేపలు పట్టే పిల్లి. అది పగలు కనపడదు, రాత్రిపూట బురదలో వేసిన అడుగులు మాత్రం పొద్దున పోటు తగ్గాక తేలతాయి. ఇక్కడెక్కడా లాన్ లేదు, బఫే లేదు, కొన్నిచోట్ల సరైన బాత్రూం కూడా లేదు, అది నిజమే, ఉప్పలపాడులో అయితే పిట్టల రెట్ట వాసనకి ముక్కుకి కర్చీఫ్ కట్టుకోవాల్సిందే. గుంటూరు నుంచి నాలుగింటికి బయల్దేరితే చాలు, అయిదున్నర నుంచి పొలాల మీంచి వరసలు వరసలుగా దిగుతా ఉంటాయి, చీకటి పడేలోపు ఇనప స్టాండ్ల మీద చోటు కోసం కొట్లాట మొదలయిద్ది.